ఎడమవైపు సున్నా నిమిషాలు

సాయంత్రం నాలుగింటికి వాచ్‌మన్‌ని కోర్టులో నిలబెడతారు. నేను పోలీస్ స్టేషన్ మెట్లెక్కేసరికి ఉదయం పదీ పది. చేతిలో ఆరు గంటలు కూడా లేవు. ఆ లోపల ఏదో ఒకటి తేల్చకపోతే, ఇరవై తొమ్మిదేళ్ళు ఒకే గేటు కాసిన మనిషి దొంగ అనే పేరు మోసుకుని జైలుకు పోతాడు.

నా వెనకే అతని కూతురు వస్తోంది. బట్టలు కుడుతుంది. మెడలో వేలాడుతున్న కొలతల టేపు తీసి ఇంట్లో పెట్టి రావడం కూడా మర్చిపోయింది. నిన్న సాయంత్రం తండ్రిని జీపెక్కించగానే తిన్నగా నా ఇంటికి పరిగెత్తుకొచ్చి, "మా నాన్న నిద్రమొహమే గానీ దొంగ కాదక్కా" అంది. ఆ ఒక్క మాటకే కేసు ఒప్పుకున్నాను. వెనకేసుకొస్తూ కూడా తండ్రిని తిట్టగలిగిన పిల్ల అబద్ధం ఆడదని నా నమ్మకం.

నా సంగతి కూడా చెప్పాలి. ఇరవై రెండేళ్ళు ఆస్పత్రి వార్డులో నర్సుగా చేశాను. అందులో సగానికి పైగా నైట్ డ్యూటీలే. ఆ ఉద్యోగం మానేసి ఈ పరిశోధనల పని పట్టుకుని తొమ్మిదేళ్ళయినా అందరికీ నేనింకా సిస్టర్‌నే. కోపం నాకు ముక్కు మీద ఉంటుంది. ఇన్‌స్పెక్టర్ కనబడితే అది నాలుక మీదికి దిగుతుంది.

"రండి సిస్టర్. ఈ రోజు ఇంజెక్షన్ ఎవరికి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, కుర్చీలోంచి లేవకుండానే.

"ఇంకా తేల్చుకోలేదు. కేసు కాగితాలు చూపించండి, చెబుతాను."

కాగితాలు చూపించలేదు కానీ నోటితో అంతా చెప్పాడు. గెలిచాననుకున్న మనిషి నోరు ఊరికే ఉండదు. కేసు ఇది. పోయిన మంగళవారం రాత్రి, రాళ్ళకు సానపట్టే కార్ఖానాలో ఇనప్పెట్టెలోంచి నీలాల డబ్బా మాయమైంది. 12.50కి మెయిన్ స్విచ్ కట్టేశారు, 1.25కి మళ్ళీ వేశారు. మీటరు ఆ రెండు టైములూ గుర్తుపెట్టుకుంది. కరెంటు లేని ఆ ముప్పై అయిదు నిమిషాలూ అలారం కూడా లేదు. తాళం పగలలేదు. యజమాని పెద్దాయన కూతురి పురిటికి వేరే ఊరు వెళ్ళాడు. ఇనప్పెట్టె రెండో తాళంచెవి ఆఫీసు సొరుగులో ఎక్కడుంటుందో తెలిసినవాళ్ళు ఇద్దరే. ఒకరు పెద్దాయన మేనల్లుడు, రెండో అతను వాచ్‌మన్. తెల్లవారి 5.30కి ఊడ్చే మనిషి వచ్చేసరికి గేటుకు బయట తాళం, వాచ్‌మన్ కుర్చీ ఖాళీ. 6.40కి అతను రొప్పుకుంటూ వచ్చాడు. రాత్రంతా ఎక్కడున్నావని అడిగితే ఆ రోజు నుంచి ఈ రోజు దాకా నోరు విప్పలేదు. అయిదు రోజులు వెనక మనిషిని పెట్టి చూసినా నీలాల జాడ దొరక్కపోయేసరికి, నిన్న లోపలేశారు.

మరి మేనల్లుడో? అతను ఆ రాత్రి నిద్ర పరీక్షలు చేసే క్లినిక్‌లో, ఒంటినిండా వైర్లతో పడుకుని ఉన్నాడు. పగలంతా బల్ల మీద కునికిపాట్లు పడుతూ రెండు రాళ్ళు పాడుచేశాడని, పరీక్ష చేయించుకుంటే గానీ మెషిన్ ముట్టుకోవద్దని పెద్దాయన గట్టిగా చెప్పాడట. పదిన్నర నుంచి తెల్లారి 5.40 దాకా ఆ పేరుగల మనిషి క్లినిక్ దాటి బయటికి పోలేదని క్లినిక్ కాగితం ఇచ్చింది.

"అదీకాక వాచ్‌మన్ జుట్టులో తెల్లగా సున్నం. ఊడ్చే మనిషి చూసింది" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "వెనక గోడకు కొత్తగా సున్నం వేశారు. అంటే గోడ దూకాడు."

"గేటు తాళంచెవి జేబులో ఉన్నవాడు గోడెందుకు దూకుతాడు? దూకినా సున్నం మోచేతులకు అంటాలి గానీ నడినెత్తికెలా అంటింది?"

అతను కొంచెం తడబడి, అది కోర్టులో అడగమన్నాడు. కూతురు మాత్రం నా చెవిలో, సున్నం మాట నిజమేనని, ఆ ఉదయం తండ్రి జుట్టు నిండా పెచ్చులు పెచ్చులుగా ఉంటే ఎక్కడ పొర్లాడి వచ్చావని తానే తిట్టానని చెప్పింది.

లాకప్ దగ్గరికి వెళ్ళాం. వాచ్‌మన్ సిమెంటు దిమ్మ మీద నిద్రపోతున్నాడు. పట్టపగలు పదిన్నరకు, జైలు గుమ్మం దాకా వచ్చి కూడా, గురక. చూశారా అన్నట్టు ఇన్‌స్పెక్టర్ నవ్వి, సొరుగులోంచి ఆదివారం పత్రికలో కత్తిరించిన ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. ఎవరు ఎలా పడుకుంటే ఎలాంటివాళ్ళో అందులో బొమ్మలతో సహా వేశారు. వెల్లకిలా పడుకునేవాళ్ళు ధైర్యవంతులట, బోర్లా పడుకునేవాళ్ళు మొండివాళ్ళట, ముడుచుకుని పడుకునేవాళ్ళు మనసులో ఏదో దాస్తారట.

"మోకాళ్ళు ఎలా ముడిచాడో చూడండి. పిడికిలి ఎలా బిగించాడో చూడండి. దాస్తున్నాడు సిస్టర్."

నాకు ఒళ్ళు మండింది. నేను వార్డులో ఎంతమంది నిద్రలు చూశానో లెక్కలేదు. ఆయాసం ఉన్నవాళ్ళు మూడు దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చున్నట్టే పడుకుంటారు. పుల్లటి తేన్పులవాళ్ళకు ఎడమవైపు హాయి. నడుం నొప్పివాళ్ళు మోకాళ్ళ మధ్య దిండు పెట్టుకుంటారు. ముడుచుకున్నవాళ్ళలో సగం మందికి చలి, అంతే. నేను చూసినంతలో నిద్ర ఒంటి బాధ చెబుతుంది గానీ, దొంగో దొరో చెప్పదు. ఈ మాట అతనికి ఇంత మర్యాదగా చెప్పలేదని మాత్రం ఒప్పుకుంటాను.

చెప్పి, మళ్ళీ వాచ్‌మన్ వైపు చూశాను. ఈసారి నర్సు కళ్ళతో చూశాను. కుడిపక్కకు తిరిగి పడుకున్నాడు. తలకింద పెట్టుకునే దుప్పటి మడత లాకప్‌లో అందరికీ గోడ మూల పెడతారు. అతను దాన్ని ఇటు చివరికి మార్చుకున్నాడు. కుడివైపుకే తిరగాలి, కానీ ముఖం ఊచల వైపు ఉండాలి, అందుకు. ఎడమ చెయ్యి గుండె మీద పిడికిలి పట్టి ఉంది. పిడికిలి గట్టిగా లేదు, ఏదో గొట్టం పట్టుకున్నట్టు గుండ్రంగా ఉంది. బొటనవేలు పైకి లేచి ఉంది.

అంతలో గురక ఆగింది. అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు... ఇరవై రెండు దాకా ఊపిరి లేదు. తర్వాత పెద్దగా గుటక వేసినట్టు శబ్దం చేసి మళ్ళీ అందుకున్నాడు. నా పక్కన కూతురు, ఇంట్లో కూడా ఇంతే, వినీ వినీ చెవులు మొద్దుబారిపోయాయంది.

ఊచల మీద తట్టి లేపాను. లేచి, కూతుర్ని చూసి తల వంచుకున్నాడు. మంగళవారం రాత్రి ఎక్కడున్నావని అడిగాను.

"నన్నేం అడక్కండమ్మా. చెప్పకూడదు."

తెలియదనలేదు, చెప్పననలేదు, చెప్పకూడదన్నాడు. ఎవరో ఆ నోటికి తాళం వేశారు.

స్టేషన్ బయటికి వస్తూ కూతుర్ని తండ్రి నిద్ర గురించి అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు చూసినా, అన్నీ చెప్పింది. గురకకు ఇల్లంతా అదిరిపోతుంటే, బతికున్న రోజుల్లో వాళ్ళమ్మ ఒక ఉపాయం చేసిందట. పాత చొక్కా వీపున జేబు కుట్టి అందులో రబ్బరు బంతి పెట్టింది. వెల్లకిలా తిరగబోతే బంతి గుచ్చుకుని మళ్ళీ పక్కకు ఒత్తిగిల్లుతాడు. అమ్మ పోయాక ఆ చొక్కాలు తాను కుడుతోంది. ఎడమవైపు అసలు తిరగడు. పద్నాలుగేళ్ళ కింద కార్ఖానాలోకి దూరిన దొంగ వెంట పడి, మెట్ల మీంచి జారి ఎడమ భుజం విరగ్గొట్టుకున్నాడు. అది వంకరగా అతుక్కుంది. నిద్రలో కూడా ఎడమ చేత్తో టార్చి పట్టుకునే ఉంటాడు, అది లేకపోతే పిడికిలి అలాగే బిగుసుకుంటుంది. కార్ఖానాలో అందరూ అతన్ని పిలిచేది కూడా 'టార్చి' అనే.

"పగలు కూడా కూర్చున్నచోటే తూలతాడక్కా. కార్ఖానా మేస్త్రీ ఒకసారి మొహాన నీళ్ళు కొట్టాడు. నేనూ తక్కువేం తిట్టలేదు. సోమరిపోతని, నిద్రమొహమని." ఆ మాట అని, టేపు కొసను వేలికి చుట్టుకుంది.

కార్ఖానా ఆఫీసుకు వెళ్ళేసరికి 11.25. మేనల్లుడికి ముప్పై ఏళ్ళుంటాయి. బక్కపలచటి మనిషి, ముఖం మీద చెరగని నవ్వు. నేను వెళ్ళి సోఫాలో కూర్చోబోతే, స్ప్రింగులు గుచ్చుకుంటాయి మేడమ్ అంటూ పరిగెత్తుకొచ్చి కుర్చీ వేశాడు. వాచ్‌మన్ గురించి అడిగితే, ఇంట్లో మనిషిలా చూసుకున్నామని, ఇంత పని చేస్తాడనుకోలేదని నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు నాకు నచ్చలేదు. అడిగే తీరు మార్చి, నిద్ర సంగతి ఎత్తాను. నాకూ నిద్ర పట్టడం లేదని, ఆ పరీక్ష ఎలా ఉంటుందో చెబితే నేనూ చేయించుకుంటానని అన్నాను.

"ఏం లేదు మేడమ్, హాయిగా పడుకోవడమే. నేనైతే చిన్నప్పట్నుంచీ బోర్లానే. మా అమ్మ బల్లి అనేది. మధ్యాహ్నం భోజనం కాగానే ఇక్కడే ఈ సోఫా మీద ఒక గంట."

"స్ప్రింగులు గుచ్చుకోవా?"

నవ్వు ఒక్క క్షణం ఆగింది. అలవాటైపోయిందన్నాడు.

"వైర్లతో నిద్రెలా పట్టింది? వేలికి కూడా ఏదో పెడతారటగా."

"అది క్లిప్పు మేడమ్. ఇదిగో, ఈ చూపుడువేలికి. రాత్రంతా అలాగే ఉంది. తెల్లారి చూసుకుంటే గాటు పడింది." చూపుడువేలు చాచి మరీ చూపించాడు.

థాంక్స్ చెప్పి లేచాం. గేటు దాటాక కూతురు నా కొంగు లాగింది. సోఫా మీది గోధుమరంగు దిండుకు ఒకవైపు కుట్టు నీలం దారంతో ఉందట. అదీ చేతికుట్టు, రెండు పేటల దారం, కుట్టుకూ కుట్టుకూ మధ్య వేలెడు దూరం. సూది పట్టడం రానివాళ్ళ పని, చూస్తుంటే చేతులు దురదపెట్టాయంది. నేను ఆ దిండును చూడనే లేదు. ఆ మాట మనసులో ఒక మూల పెట్టుకున్నాను.

క్లినిక్‌వాళ్ళు పోలీసులు లేకుండా కాగితాలు చూపించరు. కాబట్టి మళ్ళీ ఇన్‌స్పెక్టర్ కాళ్ళు పట్టుకోవాలి. కాళ్ళు నేనెప్పుడూ పట్టుకోలేదు, బేరం పెట్టాను. నాతో క్లినిక్‌కు రండి, మూడింటిలోగా తేల్చలేకపోతే ఇకమీదట మీ కేసుల్లో నోరెత్తను అన్నాను. నేను నోరెత్తకపోవడం అనే వరం అతను చాలా కాలంగా కోరుకుంటున్నాడు. వెంటనే జీపు తియ్యమన్నాడు.

క్లినిక్ చేరేసరికి పన్నెండూ యాభై. వరండాలో బల్ల మీద పరీక్ష గురించిన రంగు కాగితాలు దొంతరగా ఉన్నాయి. ఒకటి తీసుకున్నాను. పైన బొమ్మలో ఒక మనిషి వెల్లకిలా పడుకుని ఉన్నాడు, చూపుడువేలికి క్లిప్పు. దాన్ని మడిచి సంచిలో వేసుకున్నాను.

డాక్టరు ముందుగా మమ్మల్ని మూడో నంబరు గదికి తీసుకెళ్ళాడు. ఒక మంచం, ఒక అల్మరా, పైన కెమెరా. కెమెరా బొమ్మలు మూడు రోజుల తర్వాత వాటంతటవే చెరిగిపోతాయట. ఇన్‌స్పెక్టర్ కాగితం తీసుకున్నాడు గానీ బొమ్మలు అడగలేదు. నేను ఊరికే అతని వైపు చూశానంతే. మంచం పక్కన చిన్న బల్ల మీద ఒక ట్యూబు, దాని మూతి చుట్టూ తెల్లగా ఎండిపోయి పెచ్చులు కట్టిన ముద్ద. ఏమిటిదని అడిగాను.

తలకు వైర్లు అంటించే జిగురట. తెల్లారి తుడుస్తారు గానీ జుట్టులో ఎంతో కొంత ఉండిపోతుందట, సున్నంలాగా.

వెనకనుంచి కూతురు గట్టిగా ఊపిరి పీల్చింది. ఇన్‌స్పెక్టర్‌కు ఇంకా అర్థం కాలేదు. నాకు మాత్రం పొద్దుటినుంచి గుండె మీద ఉన్న బండ అప్పుడే సగం దిగింది. కానీ జిగురు ఒక్కటే కోర్టుకు చాలదు. రాత్రి రికార్డు కావాలన్నాను.

డాక్టరు కంప్యూటర్‌లో గీతల కాగితం తెరిచాడు. అందులో నిద్రపోయిన మనిషి ఏ నిమిషంలో ఎటు తిరిగి ఉన్నాడో కూడా ఉంటుంది, ఛాతీ మీద కట్టే చిన్న పెట్టె అది చెబుతుంది. డాక్టరు చదువుతుంటే నేను రాసుకున్నాను. మొత్తం 430 నిమిషాలు. వెల్లకిలా 95. కుడివైపు 300. లేచి కూర్చున్నవి, బాత్రూమ్‌కు వెళ్ళినవి కలిపి 35. బోర్లా సున్నా. ఎడమవైపు సున్నా నిమిషాలు.

"పుట్టినప్పట్నుంచీ బల్లిలా బోర్లా పడుకునేవాడు ఏడు గంటల్లో ఒక్క నిమిషం కూడా బోర్లా తిరగలేదు" అన్నాను.

"వైర్లుంటే ఎలా తిరుగుతాడు సిస్టర్? ఎవరైనా అంతే" అన్నాడు ఇన్‌స్పెక్టర్. ఆ మాట కొట్టిపారేసేది కాదు. డాక్టరు కూడా తల ఊపాడు.

"సరే. వేలి క్లిప్పు సంగతి చూడండి."

డాక్టరు పక్కనున్న రాతలు చదివాడు. ఆ రాత్రి డ్యూటీ టెక్నీషియన్ రాసినవి. 11.05, ఎడమ చూపుడువేలి క్లిప్పు ఊడింది, మళ్ళీ పెట్టాను. 11.32, ఊడింది. 11.58, ఊడింది, పేషెంట్ నిద్రలో పిడికిలి బిగిస్తున్నారు. 12.20, క్లిప్పు ఎడమ కాలి బొటనవేలికి మార్చాను. తెల్లారి 5.40కి తీసేదాకా అక్కడే ఉంది.

నేను సంచిలోంచి రంగు కాగితం తీసి, చూపుడువేలి బొమ్మ ఇన్‌స్పెక్టర్ ముందు పెట్టి, కార్ఖానాలో మేనల్లుడు నాతో అన్న మాటలు చెప్పాను. మేనల్లుడు పరీక్ష గురించి తెలుసుకున్నది ఈ బొమ్మ చూసి. కాలికి క్లిప్పుతో నిద్ర లేచినవాడు ఆ సంగతి జన్మలో మర్చిపోడు. చూపుడువేలికి గాటు పడిందని చెప్పేవాడు ఆ మంచం ఎక్కనేలేదు.

"అయితే మరి పడుకున్నదెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో మునుపటి దర్జా లేదు.

"ఎడమ భుజం విరిగి అటు తిరగలేనివాడు. ఎడమ పిడికిలి టార్చి పట్టుకున్నట్టు బిగించేవాడు. తెల్లారి జుట్టులో జిగురుతో 6.40కి గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చినవాడు. మీ లాకప్‌లో పొద్దున మీరే నాకు చూపించారు."

టెక్నీషియన్ అమ్మాయి రాత్రి డ్యూటీ చేసి వెనక వీధిలోని గదిలో పడుకుని ఉంది. లేపి తీసుకొచ్చేసరికి 1.40. ఆవలిస్తూ వచ్చింది పాపం. కూతురి ఫోన్‌లో వాచ్‌మన్ ఫొటో, కార్ఖానా వార్షికోత్సవంలో తీసిన మేనల్లుడి ఫొటో, మధ్యలో తన ఫోన్‌లోంచి ఇన్‌స్పెక్టర్ తన బావమరిది ఫొటో కూడా పెట్టాడు. అదొక్కటీ ఆ రోజు అతను చేసిన తెలివైన పని. అమ్మాయి క్షణం ఆలోచించకుండా వాచ్‌మన్‌ని చూపించింది.

"ఈ బాబాయే. టార్చి ఎక్కడ పెట్టమంటావమ్మా అని అడిగాడు. అల్మరాలో పెట్టి తాళం వేస్తే, పడుకున్నాక కూడా రెండుసార్లు అటు చూశాడు."

ఇన్ని రోజులూ ఎందుకు చెప్పలేదని ఇన్‌స్పెక్టర్ కసిరాడు. చీటీ తెచ్చినవాళ్ళను పడుకోబెట్టడమే తన పనని, పగలు డాక్టరు ఎవరిని చూశాడో తనకెలా తెలుస్తుందని, పోలీసులు వచ్చి రాత్రంతా ఉన్నాడా అని అడిగితే ఉన్నాడని చెప్పానని, ఎవరున్నాడని ఎవరూ అడగలేదని ఆ అమ్మాయి అంది. న్యాయమైన మాట. ఇన్‌స్పెక్టర్ బయటికి వెళ్ళి స్టేషన్‌కు ఫోన్ చేసి కార్ఖానాకు ఇద్దరు కానిస్టేబుళ్ళను పంపాడు. నేను కిటికీలోంచి, సోఫా మీది గోధుమరంగు దిండు చూడమని చెప్పండి, నీలం దారం విప్పమనండి అని కేకేశాను.

డాక్టరు మాత్రం ఇంకా కంప్యూటర్ ముందునుంచి లేవలేదు. ఈ రిపోర్టు చూసి నాలుగు రోజులుగా తల పట్టుకుంటున్నానని చెప్పాడు. వెల్లకిలా ఉన్నప్పుడు గంటకు అరవై సార్లు దాకా ఊపిరి ఆగింది. పక్కకు తిరిగితే సగానికి పైగా తగ్గింది. ఇంత జబ్బు ఆ బక్కపలచటి కుర్రాడికెలా వచ్చిందో అంతుబట్టలేదు. రెండుసార్లు ఫోన్ చేసి వెంటనే రమ్మన్నా అతను నవ్వి పెట్టేశాడు. కూతురు తండ్రి గురక సంగతీ, వీపున బంతి పెట్టి కుట్టిన చొక్కా సంగతీ చెప్పింది.

"ఈ రిపోర్టు ఎవరిదో ఆ మనిషిని వెంటనే తీసుకురండి. ఇది గురక కాదు, జబ్బు. రాత్రంతా ఊపిరాడక మెలకువ వచ్చి వచ్చి పోతుంటుంది, ఆ సంగతి అతనికే తెలియదు. పగలు తూలక ఏం చేస్తాడు? ముక్కుకు గాలి మెషిన్ పెడితే చాలామంది తేరుకుంటారు. ఆ బంతి చొక్కా ఎవరు కుట్టారన్నారు?"

"మా అమ్మ" అంది కూతురు.

"వైద్యం చదవకుండానే కొంత వైద్యం చేసింది" అన్నాడు డాక్టరు.

ఆ పిల్ల జీపు ఎక్కాక ముఖం కిటికీ వైపు తిప్పుకుని స్టేషన్ వచ్చేదాకా ఏడ్చింది. నేను ఆపలేదు. కొన్ని ఏడుపులు ఆపకూడదు.

స్టేషన్‌కు వచ్చేసరికి 2.50. లాకప్ తలుపు తీసి ఇన్‌స్పెక్టర్ తానే వాచ్‌మన్‌ని బయటికి పిలిచి, క్లినిక్‌లో పడుకున్నది నువ్వేనని తెలిసిపోయిందన్నాడు. ఆ మాటకు సంతోషించాల్సిన మనిషి, వణికిపోయి కూతురి చెయ్యి పట్టుకున్నాడు.

"నేను చెప్పలేదమ్మా. నా నోట ఒక్క మాట రాలేదు. నువ్వు విన్నావుగా."

మెల్లమెల్లగా అప్పుడు బయటికొచ్చింది. వైర్లంటే భయమని, పరీక్షలో ఏదైనా తేలితే మామయ్య మెషిన్ మీంచి తీసేస్తాడని మేనల్లుడు బతిమాలాడు. ఒక్క రాత్రి నా బదులు నువ్వు పడుకో, నీ బదులు గేటు నేను కాస్తానన్నాడు. చిన్నప్పుడు తాను ఎత్తుకుని తిప్పిన పిల్లాడు కదా, వాచ్‌మన్ కాదనలేకపోయాడు. ఎవరికీ చెప్పనని మేనల్లుడు అతని చేత కూతురి మీద ఒట్టు వేయించుకున్నాడు. తెల్లారి డబ్బా పోయిందని తెలిసినా, జైలుకు పోవాల్సి వచ్చినా, ఒట్టు తప్పితే పిల్లకేమవుతుందోనని ఈయన నోరు కుట్టేసుకున్నాడు. ఇనప్పెట్టె కంటే గట్టి తాళం వెతికి మరీ వేశాడు ఆ మేనల్లుడు.

"నువ్వేం చెప్పలేదు బాబాయ్" అన్నాను. "నువ్వు నిద్రపోతుంటే నీ భుజం చెప్పింది, నీ పిడికిలి చెప్పింది. నిద్రలో చెప్పింది ఒట్టు కిందికి రాదు."

నిజంగానా అన్నట్టు అతను ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకుని, అవును, రాదు, చట్టంలో కూడా అంతే అన్నాడు. ఏ చట్టంలోనో నేను అడగలేదు. ఆ రోజుకు అతన్ని క్షమించేశాను.

"నా మీద ఒట్టేసి నన్నే ఇంత ఏడిపిస్తావా" అని కూతురు తండ్రి భుజం మీద కొట్టబోయి, అది ఎడమ భుజమని గుర్తొచ్చి చెయ్యి ఆపుకుంది.

3.10కి కార్ఖానా నుంచి ఫోన్ వచ్చింది. కానిస్టేబుళ్ళు వెళ్ళేసరికి మేనల్లుడు భోజనం చేసి సోఫా మీద నిద్రపోతున్నాడట. బోర్లానే. తల కింద గోధుమరంగు దిండు. లేపి, దిండు లాగి, నీలం దారం విప్పితే దూది మధ్యలో నీలాల డబ్బా. ఆఫీసంతా పోలీసులు మొదటి రోజే వెదికేశారు, ఒకసారి వెదికిన చోట మళ్ళీ వెదకరని తర్వాత అక్కడికి చేర్చాడు. ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసి పెద్దగా ఊపిరి వదిలాడు. నేనూ వదిలాను. తప్పు మనిషిని కోర్టుకు తీసుకెళ్ళకుండా తప్పించుకున్నానన్న ఉపశమనం అతని ముఖంలో దాచినా దాగలేదు.

డాక్టరు చెప్పిందంతా నేను వాచ్‌మన్‌కు వివరంగా చెప్పాను. ఊపిరి ఆగడం, మెలకువ, పగటి మగత, గాలి మెషిన్. చివరిదాకా విన్నాడు.

"అయితే నేను సోమరిపోతుని కాదన్నమాట" అన్నాడు.

కూతురు టేపుతో కళ్ళు తుడుచుకుంది.

విడుదల కాగితం టైపు చేయడానికి అరగంట పట్టింది. అంతలో వాచ్‌మన్ వరండా బెంచీ మీద ఒరిగిపోయాడు. కుడిపక్కకు తిరిగి, ముఖం గేటు వైపు, ఎడమ పిడికిలి గుండె మీద. ఇన్‌స్పెక్టర్ స్వాధీనం చేసుకున్న వస్తువుల పెట్టెలోంచి టార్చి తీసి, కాసేపు చేతిలో తిప్పి, వెళ్ళి ఆ పిడికిలిలో పెట్టాడు. అది సరిగ్గా అమరింది. బొటనవేలు వెళ్ళి స్విచ్ మీద కూర్చుంది.

"నిద్రలో కూడా గేటు కాస్తున్నాడు" అన్నాడు నాతో, మెల్లగా. "ఆ పత్రికలో ఈ బొమ్మ వెయ్యలేదు సిస్టర్."

ఒక్కోసారి అతను కూడా మనిషే అనిపిస్తాడు. నేను మాత్రం ఆ మాట పైకి అనలేదు.

నాలుగు కావస్తుండగా జీపు కోర్టుకు బయలుదేరింది, అందులో మేనల్లుడు. కానిస్టేబుల్ విడుదల కాగితం, పెన్ను పట్టుకుని వచ్చి, ఇక్కడ సంతకం పెట్టాలి, లెమ్మని బెంచీ మీద తట్టబోయాడు. కూతురు అడ్డం వచ్చి అతని చెయ్యి పట్టుకుంది. ఊహ తెలిసినప్పట్నుంచీ ఆ తండ్రిని కుదిపి కుదిపి లేపిన పిల్ల.

"సంతకం తర్వాత పెడతాడు" అంది. "మా నాన్నని కాసేపు పడుకోనివ్వండి."